అడుగు మట్టి

దెల్చో రెండు చేతులా తాడు లాగుతున్నాడు. సరస్సు అడుగున దిగబడ్డ గొట్టం ముందు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా ఊడి పైకి వచ్చింది. అరవై మూడేళ్ల భుజం కలుక్కుమంది. గొట్టాన్ని పడవ అంచుకు ఆనించాడు. లోపల మూరెడు మట్టి. పైన బూడిద రంగు, కిందికి పోయేకొద్దీ కారునలుపు.

పద్దెనిమిదేళ్లుగా అతని పని ఇదే. ఆనకట్ట ఆపిన ఆ నీళ్ల మీద ఏడాదికి నాలుగుసార్లు అడుగు మట్టి పరీక్షించే ప్రయోగశాల వాళ్లను తిప్పడం, మిగతా రోజుల్లో కొట్టుకొచ్చిన దుంగలు ఏరడం. అతన్ని మెచ్చుకున్నవాళ్లూ లేరు, తప్పుపట్టినవాళ్లూ లేరు. ఎగువన సీసం కరిగించే ఫ్యాక్టరీ మూతపడి పన్నెండేళ్లయింది.

కొత్తగా వచ్చిన ఇంజనీరు రుమ్యానా పైనున్న రెండు వేళ్ల మందం మట్టి తీసి డబ్బాలో వేసుకుంది. ఇదివరకు వచ్చినవాళ్లు ఆ పని కాగానే అటు తిరిగి సిగరెట్లు కాల్చుకునేవారు. ఈమె అలా కాదు, చూస్తూ కూర్చుంది. అతను మిగిలిన నల్లమట్టిని బకెట్లోకి తోసి గోనెపట్టా కప్పడం ఆమె కంట పడింది.

"అదెందుకు బాబాయ్? నీళ్లలో పారేసెయ్."

"బంగారం లాంటి మట్టి అమ్మాయీ! నీళ్లు తగ్గినప్పుడు ఊళ్లోవాళ్లు బళ్లకొద్దీ తోలుకుపోతారు. నాకైతే పడవలోకే నడిచొస్తుంది."

రుమ్యానా చేతిలో గరిటె ఆగిపోయింది.

"పైమట్టి ఫ్యాక్టరీ మూశాక చేరింది. కిందది ఫ్యాక్టరీ నడిచిన రోజులది. సీసం, కాడ్మియం అంతా అక్కడే పేరుకుంది బాబాయ్. మొక్క దాన్ని పీల్చుకుంటుంది. మనం తింటే మూత్రపిండాలు పోతాయి. పసిపిల్లలకైతే బుర్ర ఎదగదు, మాటలు రావు. తినేవాటికి వెయ్యలేదు కదా?"

దెల్చో బకెట్ మీది గోనెపట్టాను ఇంకాస్త ముందుకు లాగాడు.

"లేదమ్మాయీ. గులాబీలకి," అన్నాడు.

ఏటా ఆ మట్టి పోసింది పెరటి మిరపమళ్లకే. ఎందుకు అబద్ధమాడాడో అతనికే తెలియదు. భయమేసింది, అంతే.

మనవరాలు కలీనాకు నాలుగేళ్లు. ఇంకా ఏం కావాలన్నా వేలు చూపిస్తుంది. వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయని అందరూ సరిపెట్టుకున్నారు. ఆ పిల్లకు పళ్లు రాకముందే కాల్చిన మిరపకాయ తొక్క ఒలిచి, మెత్తగా చిదిమి నోట్లో పెట్టింది దెల్చోయే. తన తోట కాయ, కారం లేని కాయ అని ఎంత మురిసిపోయాడు!

ఇంటికి వచ్చేసరికి పెరట్లో ఇంకా కాల్చిన మిరప వాసన వదల్లేదు. భార్య వెలిచ్కా నిన్ననే ఆ మిరపకాయలు కాల్చి ఏడాదికి సరిపడా ల్యుటెనిత్స పచ్చడి చేసి, గాజు జాడీలకెత్తి నేలమాళిగలో వరసగా పేర్చింది. ఏటా ఒక జాడీ మూత మీద దెల్చో కాగితం అంటించి 'కలీనాకి' అని రాస్తాడు. నిన్నా రాశాడు. రేపు కూతురు రోసిత్స పిల్లను తీసుకుని వస్తుంది.

అతను చక్రాల బండి తెచ్చి జాడీలన్నీ అందులోకి ఎత్తసాగాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"మూతలు సరిగా పడలేదు. పులిసిపోయాయి."

"నా మూతలా? ఆనకట్ట తలుపులు కారతాయేమో గానీ నా మూతలు కారవు! ముందు నీ ముక్కు డాక్టరుకి చూపించుకో."

"పిల్ల తింటే జబ్బు చేస్తుందే!"

వెలిచ్కా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ నేలమాళిగలోకి దిగింది. చెప్పేద్దామనుకున్నాడు. ఇన్నేళ్లూ మనిద్దరం దానికి పెట్టింది ఏమిటో తెలుసా అని అడగలేకపోయాడు. తెలిస్తే ఆమె బతకదు. రేపు కూతురితో చెప్పి పిల్లకి రక్తపరీక్ష చేయిద్దామని నిశ్చయించుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో సరస్సు నడుమకు పడవ నడిపాడు. ఒక్కొక్క జాడీ నీళ్లలోకి వదిలాడు. ఎర్రగా కాసేపు కనిపించి ఒక్కొక్కటే మునిగిపోయింది. ఆఖరిది చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయాడు. దాని మూత మీద కాగితం లేదు. ఇందాకటి నుంచీ వదిలిన వాటిలో దేనిమీదా లేదు.

అతనికి చెమటలు పట్టాయి. పడవ ఒడ్డువైపు తిప్పి తెడ్లు గట్టిగా వేశాడు. పొద్దున కలుక్కుమన్న ఎడమ భుజం ఇప్పుడు రాయిలా బరువెక్కింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాడు. ఆనకట్ట దగ్గర పొప్లార్ చెట్లు కనిపిస్తున్నాయి. ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుందామని వెనక్కి ఆనుకున్నాడు.

సాయంత్రం ఆనకట్ట కాపలాదారు ఒడ్డుకు చేరిన పడవను కట్టేశాడు. దెల్చో తెడ్లు వదలకుండా అలాగే ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది.

మర్నాడు సమాధి చేసి వచ్చారు. గేటుకు అతని ఫొటో ఉన్న మరణవార్త కాగితం అంటించి ఉంది. బంధువులు వెళ్లిపోయాక రోసిత్స పిల్లను వంటింట్లో కూర్చోబెట్టి రొట్టె కోసింది. వెలిచ్కా అలమర వెనక నుంచి ఒక జాడీ తీసింది.

"అన్నీ పట్టుకుపోయాడు, మహానుభావుడు. నా మూతలు పాడయ్యాయట! పిల్లదని ఇదొక్కటీ ఏప్రన్ చాటున దాచాను. చూడవే, ఎలా బిగిసి ఉందో."

కలీనా దానివైపు వేలు చూపించింది.

బల్ల మధ్యలో ఎర్రటి జాడీ, దాని మూత మీద దెల్చో చేతిరాతలో 'కలీనాకి'.