నడుముకు ఎనిమిది సీసాలు

జొన్నరొట్టె కొట్టేటప్పుడు ముందుకు వంగకూడదని నాకు నేనే నేర్పుకున్నాను. వంగితే నడుముకు కట్టుకున్న సీసాలు పక్కటెముకలకు ఒత్తుకుంటాయి. అందుకే వీపు నిటారుగా పెట్టి చేతులు మాత్రం చాచి కొడతాను. రొట్టె ఒక పక్క మందంగా వస్తుంది. "ఒక దిక్కు పల్చన, ఒక దిక్కు మందం. ఎవలు నేర్పిన్రు నీకు?" అంటుంది మా అత్తమ్మ సంగవ్వ.

మా ఆయన శ్రీహరి నాందేడ్‌లో నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో అసిస్టెంటు. నెలకోసారి గోదావరి రేవుల్లో, చుట్టుపక్కల చెరువుల్లో చిన్న సీసాలకు నీళ్లు పట్టుకొస్తాడు. సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మురికి కలిసిన నీళ్లు నల్లబడతాయి. వెచ్చగా ఉంచే పెట్టె ల్యాబ్‌లో ఉంది, కరెంటే లేదు. ఈ రెండు వేల అయిదులో రోజుకు పది గంటల లోడ్‌షెడ్డింగ్. ఒంటి వేడి చాలని ఆయనకు ఎవరో చెప్పారట. "నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద, నడుముకు కట్టుకో" అన్నాడు. పాత చీర చింపి ఎనిమిది అరల పట్టీ కుట్టింది కూడా నేనే. "ఇద్దరు పిల్లల్ని మోసిన నడుమే గద, సీసాలు బరువా?" అంది అత్తమ్మ.

ఇది రెండో చలికాలం. మొదట్లో ఒరుసుకుని మండేది. ఇప్పుడక్కడ చర్మం మొద్దుబారింది, గిల్లినా తెలియదు. మనసు అంతకంటే ముందే అట్లా అయింది. నీళ్ల మీద మాత్రం నాకు కోపం లేదు. ఏ చెరువు చెడిందో ఊరందరికంటే ముందు నాకే తెలుస్తుంది. కరెంటు లేకున్నా ఒక్క నెల రిపోర్టూ ఆగలేదని ల్యాబ్ పెద్ద సాహెబ్ ఆయనకు శాలువా కప్పి సత్కారం చేశాడు. ఆ శాలువా నేనే ఉతికి మడత పెట్టాను.

పోయిన నెల సీసాలు కట్టుకున్న మర్నాడే నాకు చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడికి వచ్చి ఎన్నేళ్లయిందో. కళ్లు మూసుకున్నాను. అబద్ధమెందుకు, సంతోషపడ్డాను. థర్మామీటర్ తెచ్చి నోట్లో పెట్టి, తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"నూటరెండు! అరే, మస్తు ఎక్కువైంది. జల్ది తియ్, సీసాలు ఖరాబైతయి."

పట్టీ ముడి తనే విప్పాడు. నా మీది దుప్పటి లాగి సీసాలకు చుట్టి, పొయ్యి పక్కన పెట్టాడు. "జ్వరం దిగినంక మల్ల కట్టుకో" అని చెప్పి ఆఫీసుకు పోయాడు. నేను మోకాళ్లు ముడుచుకుని వణుకుతూ పడుకున్నాను. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. సాయంత్రం లేచి వంట చేశాను.

ఈ రోజు పొద్దున ఆయన మళ్లీ నదికి పోయి వచ్చాడు. నేను రొట్టెలు కొడుతుంటే సీసాలు నా పక్కన పెట్టి, "కట్టుకో, నాకు ఆఫీసుకు లేటైతంది" అన్నాడు. చేతులు కడుక్కుని థర్మామీటర్ తెచ్చాను.

"నోరు తెరువుండ్రి."

"ఏంది, నాకేమైంది?" అంటూనే తెరిచాడు. "ఏమైంది కొడుకా?" అంటూ అత్తమ్మ మంచం దిగి ఉరికొచ్చింది. నేను వెలుతురుకు పట్టి చూశాను.

"తొంభై ఎనిమిది. బరాబరుంది" అన్నాను. ఆయన చొక్కా పైకెత్తి, సీసాల పట్టీ నడుము చుట్టూ తిప్పి, ముడి గట్టిగా వేశాను.

"నీకేమన్న పిచ్చా? నేను సైకిల్ ఎట్ల తొక్కాలె?"

"ముందుకు వంగకుండ తొక్కుండ్రి" అన్నాను. "వంగితే ఒత్తుకుంటయి."