పూత మీద బేరం

ఆవకాయ ముక్కలకి జీడి తీసి, లోపలి పొర వలిచి, పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తోంది దీప్తి. సొన తగిలి వేళ్ళ చివర్లు మండుతున్నాయి. పెరటి గుమ్మం దగ్గర అత్తగారు హైమవతి ఎవరినో దులిపేస్తోంది. ఎవరో కాదు, తాము కొన్న తోట రైతు భార్య. పచ్చడికని తన చెట్టు కాయలే నాలుగు కోసుకుందట.

"పూత మీదే బేరం అయిపోయిందిగా! అడ్వాన్సు తీసుకున్నాక చెట్టు మీది, కాయ మాది. ఎవర్నడిగి కోశావమ్మా?"

ఆ మనిషి కాయల సంచి అక్కడే దించేసి, తలొంచుకుని వెళ్ళిపోయింది. నూజివీడులో మామిడి వ్యాపారం ఇంతే. పిందె కూడా పడకముందే తోట కొనేస్తారు. ఆ తర్వాత చెట్టు కన్నవాళ్ళింట్లోనే ఉంటుంది గానీ, కాయ మీద చెయ్యి వెయ్యాలంటే కొన్నవాడి సెలవు కావాలి. "ఇవీ అందులో కలిపెయ్యి" అంటూ హైమవతి సంచి తెచ్చి పక్కన పడేసింది. దీప్తికి వాటిని ముట్టుకోబుద్ధి కాలేదు. పక్కకి జరిపింది.

తననీ పూత మీదే కొన్నారు. విజయవాడలో పట్టణ, పర్యావరణ ప్లానింగ్‌లో పీజీ చేస్తుండగా వచ్చిందీ సంబంధం. "మాకు చదువుకునే పిల్లే కావాలి, మిగతాది మేం పూర్తి చేయిస్తాం" అన్నారు మామగారు శేషగిరిరావు నలుగురి ముందూ. మిగిలింది ఒక్క సెమిస్టరు, ఒక థీసిస్. మొదటేడు కోతలయ్యాక చూద్దామన్నారు. కోతలయ్యాక తోటలకి మందులన్నారు, మందులయ్యాక పూతన్నారు, వచ్చిపోయే బ్రోకర్లకి కాఫీలు, ప్యాకింగ్ కూలీలకి అన్నాలు. మామిడి ఏడాదికోసారే కాస్తుంది, ఆ ఇంటి కోడలికి మాత్రం ఏడాది పొడుగునా సీజనే. "ఊళ్ళు కట్టడానికి చదువెందుకే, మేస్త్రీ చాలడూ?" అని అత్తగారంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. దీప్తీ నవ్వింది. అది తల్చుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. ఈ జులైలో చేరకపోతే యూనివర్సిటీ ఇంక చేర్చుకోదు. ఇన్నాళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

అలాంటిది, పోయిన నెల మొగుడు ఉదయ్ తనంతట తనే చదువు మాటెత్తాడు. బాపులపాడు వైపున్న సొంత తోట కొట్టించి ప్లాట్లు వేస్తున్నాడు. "ఇంట్లో ప్లానర్ని పెట్టుకుని బయటివాడికి ఫీజులెందుకు? లేఅవుట్ నువ్వు గీసిపెట్టు, జులైలో కాలేజీకి నేనే కార్లో దింపొస్తా" అన్నాడు. దీప్తికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంట్లు కడిగి, డైనింగ్ టేబుల్ తుడిచి, దాని మీదే లాప్‌టాప్ పెట్టుకుని క్లాసులో నేర్పినట్టే గీసింది. ముందు నేల వాలు. దాని మీద నీళ్ళు పోయే దారి. దాని మీద ఉంచాల్సిన చెట్లు. అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచాక ఎక్కడైతే ఖాళీ మిగులుతుందో అక్కడే ఇళ్ళు. చాలా కాలానికి తన చెయ్యి తనదే అనిపించింది. ఉదయ్ చూసి పెదవి విరిచాడు. తోట మధ్య వాగు మీద ఒక్క ప్లాటూ లేదు.

"ఆ వాగు తీసెయ్. ఎండిపోయి ఎన్నేళ్ళైందో."

"గట్టి వాన పడితే పారుతుందండీ. పైన చెరువు నిండిందంటే నీళ్ళకి అదొక్కటే దారి."

"వానల సంగతి కొన్నవాళ్ళు చూసుకుంటారులే. నీకు జులై కావాలా, వాగు కావాలా?"

తీసేసింది. సంతకం పెట్టడానికి లైసెన్సున్న మనిషి వేరే ఉన్నాడు. గీత మాత్రం తనది. ఆ రోజు నుంచీ దీప్తికి అన్నం సయించడం లేదు.

"దీప్తీ, ఎవరొచ్చారో చూడు! కాఫీ పట్రా!" హాల్లోంచి ఉదయ్ కేక.

వచ్చింది సుసన్నా. డిగ్రీలో ఒకే బెంచీ. ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో టీచరు. చేతిలో వెంచర్ కరపత్రం. దాని మీద, 'పర్యావరణ ప్లానింగ్ చదివిన నిపుణురాలి డిజైన్' అని రంగురంగుల అక్షరాలు.

"మా చర్చిలో నలుగురం పక్కపక్కనే తీసుకుంటున్నామే. అమ్మ ముందు భయపడింది. దీప్తి గీసిందమ్మా అన్నాను, ఇంక మాట్లాడలేదు" అంటూ మురిసిపోతూ కరపత్రంలోని ప్లాను మీద తమ ప్లాట్లని వేలు పెట్టి చూపించింది. వేలున్న చోటు సరిగ్గా వాగు నడుమ.

దీప్తి వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. నోరు మూసుకుంటే చాలు, జులై వస్తుంది. బస్సు, క్లాసు, థీసిస్, పేరు పక్కన డిగ్రీ. ఆ డిగ్రీతో తను రేపు ఏ ఊరికి ఏం చెప్పబోతుంది? పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఉన్న పాలతోనే కాఫీ కలిపి, తెచ్చి సుసన్నా చేతికిచ్చింది.

"అక్కడ కొనకే. నువ్వు వేలు పెట్టిన చోట వాగుంది. కాయితం మీద లేకుండా చేసింది నేనే."

ఉదయ్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. సుసన్నా కాఫీ తాగకుండానే లేచి, స్నేహితురాలి మొహంలోకి ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపులో కృతజ్ఞత ఏమీ లేదు.

"ఇంక చదువు మాటెత్తావంటే చూడు" అన్నాడు ఉదయ్ పళ్ళ మధ్య నుంచి.

హైమవతి చేతిలో కారం గిన్నెతో పరుగున వచ్చింది. "ఎవర్నడిగి చెప్పావే?"

"గీసింది నేనత్తయ్యా. ఎవర్నడగాలి?"

దీప్తి పెరట్లోకి వెళ్ళింది. జులై పోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది, సొన చేతులతో కళ్ళు తుడుచుకుంటే ఇంకా మండాయి. తర్వాత రైతు భార్య సంచి చేతికి తీసుకుని చెప్పులేసుకుంది.

"ఆ కాయలు ఎక్కడికే?" వెనకే వచ్చిన హైమవతి అడిగింది.

"కోసుకున్నావిడకి ఇచ్చేసి, అట్నుంచటే సుసన్నా వాళ్ళ చర్చికెళ్తాను. మిగతావాళ్ళకీ చెప్పాలిగా, వాగెక్కడుందో."