గడియ అన్న మాట

తమిళ ఊరైన అవినాశిలో బనియన్లు కుట్టే యూనిట్ వెనక ఉన్న ఇంటికి గోపిక కోడలై వచ్చింది. పెళ్లికి ముందు ఆమె బడిలో తమిళం చెప్పేది. పాఠంలో ఉపమ వస్తే, పిల్లల చేతనే కొత్తవి కట్టించి నవ్వించేది. పెళ్లయ్యాక ఉద్యోగం వద్దన్నారు. తర్వాత ఒంటరిగా గుడికి పోవడమూ వద్దన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువుకున్నది తమిళం కనుక, తమిళంలోనే ఒక కథ రాసి పత్రికకు పంపింది. అచ్చయింది.

అందులో ఒక వాక్యం: ‘అత్త ఆ ఇంటి తలుపుకు లోపలి గడియ, బయటివాళ్లకు కనబడదు.’

ఆ వాక్యం ఫోన్లలో బంధువులందరికీ చేరింది. గోపిక భర్త శరత్‌కుమార్ తల ఎత్తుకోలేకపోయాడు.

“ఆదివారం సొందక్కారులు, మన బంధువులంతా వస్తారు. అది ఊరికే అలంకారము, అర్థమేమీ లేదని వాళ్ల ముందర చెప్పు,” అన్నాడు.

“అర్థం లేకుండా ఎవరు రాస్తారు మామా?” అని గోపిక భర్తను అడిగింది.

“చెప్పకుంటే ఇంక నీ చేతిలో ఫోను ఉండదు.”

ఆదివారం హాలు నిండిపోయింది. గోపిక గోడ వారగా నిలబడింది. “అది ఒట్టి ఉపమ. మా అత్తను గురించి కాదు,” అంది.

ఊయలబల్ల మీద కూర్చున్న అత్త జానకమ్మాళ్ తలెత్తింది. “లేదు, అది నేనే.”

ఆమె బంధువుల వైపు తిరిగింది.

“తేని ఊర్లో మా చెల్లెలు సావబోతా ఉంటే, చూసేదానికి మా అత్త నన్ను పంపలేదు. ఈ పిల్లను బడికి పోవద్దనింది నేను. సరిగ్గానే రాసిండాది.”

ఇన్నాళ్లకు గోపిక అడగగలిగింది. “అయితే ఇప్పుడన్నా పోనీండత్తా. బడిలో మళ్లీ రమ్మంటా ఉండారు.”

జానకమ్మాళ్ నోరు తెరిచి, కొడుకు వైపు చూసింది. శరత్‌కుమార్ లేచి నిలబడ్డాడు.

“అమ్మా, అందరికీ ఆకలిగా ఉండాది. సాపాటు పెట్టండి.”

జానకమ్మాళ్ మోకాళ్లు పట్టుకుని లేచింది.

“రా గోపికా, ఆకులు వేస్తాము.”

ఇద్దరూ వరసగా అరిటాకులు పరిచారు. నీళ్లు చల్లుతుంటే జానకమ్మాళ్ చేతిలోని చెంబు ఒక ఆకు మీద ఒలికింది. గోపిక ఆ ఆకు తీసి ఇంకొకటి వేసింది. ఇంతకాలం తన బాధ అత్తకు అర్థం కాదనుకుని ఓర్చుకుంది. ఇప్పుడు ఆ ఊరట కూడా లేదు.