తువ్వాల కింది లెక్క

కదిరి సంతలో తాను పడిపోయే వేళకు కుళ్లాయప్ప దగ్గరున్న సరుకు ఇంతే: భుజాన తువ్వాల, రొంటిన ఎనిమిది నొప్పి మాత్రలు, నలభై ఏళ్ల దళారి పేరు, ఎవరికీ చెప్పని రెండు లెక్కలు. ఒంట్లో రక్తం ఎంత మిగిలిందో మాత్రం అతనికీ తెలియదు.

ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తుండగా గుండెల్లో మంట లేచింది. ఒళ్లంతా చెమట పట్టి, కళ్లు బైర్లు కమ్మాయి. అంబులెన్సు అనంతపురం పెద్దాసుపత్రికి చేర్చింది. భార్య తిరుపాలమ్మ దారి పొడుగునా అతని చెయ్యి వదల్లేదు.

పెద్ద డాక్టరు పద్మప్రియ గుండె పరీక్ష కాగితం చూసింది. పక్కనే ఉన్న హౌస్‌సర్జన్ కృపాకుమారితో అంది: "గుండెకు రక్తం చాలడం లేదు. గడ్డ అడ్డుపడిందేమో. రక్తాన్ని పలచబరిచే సూది సిద్ధం చేయిస్తాను. నువ్వు హిస్టరీ తీసుకో. లోపలెక్కడైనా రక్తం పోతోందేమో గట్టిగా అడుగు. పోతుంటే ఆ సూదే మనిషిని తీసుకుపోతుంది."

ఆ మాట కుళ్లాయప్ప చెవిన పడింది.

కృపాకుమారి స్టూలు లాక్కుని కూర్చుంది. "మాత్రలేమన్నా మింగుతాండావా, పెద్దాయనా?"

"మోకాళ్లకు... ఎప్పుడన్నా ఒకటి. ఇప్పుడు మానేసినాలే."

ఉగాదినాడు తిరుపాలమ్మ నెత్తిన చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టు వేశాడు. ఆమె ఇప్పుడు కాళ్ల దగ్గరే నిలబడి ఉంది.

"రక్తం పోతాందా యాడన్నా?"

"లేదమ్మా."

రక్తమంటే ఎర్రగా ఉండాలి కదా. ఇది నల్లగా తారులా ఉంది. నల్లది లెక్కలోకి రాదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"దొడ్డికి పోయినప్పుడు నల్లగా అయితాండాదా?"

నాయనకూ ఇట్లాగే నల్లగా పోయింది. ఆ సంగతి బయటికి చెప్పిన మూడో రోజున పాడె కట్టారు. నోరు తెరిచి చెబితే తనకూ మూడు రోజులే గడువు పెట్టినట్టవుతుందేమో!

"అట్లాంటిదేం లేదమ్మా," అన్నాడు.

ఆమె అతని కింది రెప్ప లాగి చూసింది. సంతలో ఎద్దును కొనేముందు అతను చూసేదీ అట్లాగే. లోపల ఎరుపు లేని గొడ్డును తాను ఊరికే ఇచ్చినా తోలుకుపోడు. కృపాకుమారి ముఖం చూస్తే తానూ అట్లాంటి గొడ్డేనని అర్థమైంది. అవతల నర్సు సూదిలోకి మందు ఎక్కిస్తోంది.

"ఏం పని చేస్తావు?"

"ఎద్దుల దళారినమ్మా."

ఆమె కేసు షీటు మూసేసింది. అతని భుజాన ఉన్న తువ్వాల తీసి తన చేతి మీద పరుచుకుని ముందుకు చాపింది. "మా తాత అంజినప్పదీ అదే పని. శింగనమల కాడ. సంతలో మొదటి మాట అబద్ధం, రెండోది బేరం, నిజమంతా తువ్వాల కింద అనేవాడు. చెయ్యి పెట్టు, పెద్దాయనా. అడిగేది నేను, వేళ్లతో చెప్పేది నువ్వు."

ధరను వేళ్లతో చెప్పుకునే ఆ తువ్వాల కింద అబద్ధమాడిన దళారికి మళ్లీ ఏ సంతలోనూ చెయ్యి అందదు. నలభై ఏళ్లలో అతను ఆ తప్పు చేయలేదు. చెయ్యి లోపలికి జరిపాడు.

"దినానికి ఎన్ని మాత్రలు?"

నాలుగు వేళ్లు.

"ఎన్ని నెలలుగా?"

ఆరు.

"నల్లగా ఎన్ని దినాలుగా?"

చెయ్యి ఆగిపోయింది. నర్సు సూది పట్టుకుని మంచం దగ్గరికి వచ్చేసింది. స్పిరిట్ దూది మోచేతికి చల్లగా తగిలింది. కుళ్లాయప్ప కళ్లు మూసుకున్నాడు. ఐదు వేళ్లు చాపాడు. ఆ మీద ఇంకో మూడు.

"మేడం, సూది ఆపండి!" కృపాకుమారి లేచి నిలబడింది. "ఎనిమిది దినాలుగా కడుపులో రక్తం పోతోంది. గడ్డ కాదు, రక్తమే లేదు."

పద్మప్రియ వచ్చి చూసింది. పరీక్ష చేసింది. సూది వెనక్కి పోయింది. రక్తం సంచులు రెండు, ఒకదాని తర్వాత ఒకటి కడ్డీకి వేలాడాయి. సాయంత్రం నోట్లోంచి గొట్టం వేసి చూస్తే కడుపులో ఆ మాత్రలు చేసిన వేరుశనగ గింజంత పుండు కనిపించింది. అక్కడే రక్తం ఆపేశారు.

వార్డుకు తెచ్చాక తిరుపాలమ్మ మంచం అంచున కూర్చుంది.

"నా నెత్తి మీద అబద్ధమాడితివి. ఆ తువ్వాల కింద నిజం చెప్పినావు. అంతే కదప్పా?"

అతను గోడ వైపు తిరిగాడు. "భయమైంది తిరుపాలా. నాయన గుర్తొచ్చినాడు."

ఆమె తువ్వాల అందుకుని తన చేతి మీద వేసుకుంది. "చెయ్యి పెట్టు. ఇంకా ఎన్ని దాచినావు?"

అతను ఐదు వేళ్లు, ఆ మీద ఇంకో మూడు చాపాడు. ఆమె అతని రొంటిలో వెతికి, మాత్రల అట్ట తీసి, కిటికీ అవతల చెత్తడబ్బాలో వేసి వచ్చింది. వచ్చి మళ్లీ చెయ్యి తువ్వాల కిందే పెట్టింది.

ఆ సంత లెక్క తేలింది. పోయినవి ఎనిమిది మాత్రలు, ఒక పాత ఒట్టు. వచ్చినవి ఎవరివో రెండు సంచుల రక్తం, నాయనకు దొరకని నాలుగో రోజు. ఆపైన, అడిగినప్పుడల్లా నిజం చెప్పక తప్పని ఒక చెయ్యి.