గడువు లేని చీటీ

పుదుచ్చేరి రేవులో సర్కారు కొలువు చేసేవాళ్ళ ఇళ్ళల్లో పొద్దున లేవగానే ఆడవాళ్ళు మగవాళ్ళ నుదురు తాకి చూస్తారు. భాగ్యం కూడా గంజి పొయ్యి మీద పెట్టి భర్త ఇరుసప్పన్ నుదురు తాకింది. చురుక్కుమంది.

జ్వరానికి ఆమె అంతగా భయపడలేదు. చీటీకి భయపడింది. ఇరుసప్పన్‌ది ఓడల నుంచి దిగే సరుకుకు కాపలా. కొలువుకు పోలేకపోతే డాక్టరు చీటీ చూపించాలి, లేదంటే ఆ చోట ఇంకొకడు నిలబడతాడు. చీటీలో ఎన్ని రోజులు రాస్తే జబ్బు అన్ని రోజులూ ఉంటుంది. కషాయానికి తగ్గదు, మొక్కుకు పోదు. గడువు తీరిన పొద్దున తనంతట తనే పోతుంది. పాత డాక్టరు పిసినారి. ఎంతటి రోగానికైనా రెండు రోజులకు మించి రాసేవాడు కాదు. ఆయన చేతిని జనం దీవించేవారు. పోయిన వారమే ఆయన ఓడెక్కి వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి వరండాలో ఇరుసప్పన్ గోడకు ఆనుకుని వణుకుతుంటే, భాగ్యం దుబాసీ రంగనాథన్ దగ్గరికి వెళ్ళింది.

"కొత్తాయన ఎట్లాంటోడన్నా?"

"మంచోడమ్మా," అన్నాడు రంగనాథన్ దిగులుగా.

"ఎంత మంచోడు?"

"అణ్ణామలైకి కాలు బెణికితే రెండు వారాలు రాసినాడు. ఇంకా కుంటతానే వుండాడు."

కొత్త డాక్టరు నాడి చూసి కలం తీశాడు.

"రెండు రోజులు చాలని చెప్పన్నా," అంది భాగ్యం.

రంగనాథన్ ఫ్రెంచిలో చెప్పాడు. డాక్టరు మొహం మెత్తబడింది.

"జీతం పోతాదని భయపడతా వుండారంట. పాపమంట. పది రోజులు రాస్తాడంట."

"వద్దు సామీ! ఒక్కరోజు చాలు!" భాగ్యం ఆయన కాళ్ళ మీద పడింది. డాక్టరుకు కళ్ళు చెమర్చాయి. నెల రాశాడు.

"లేయ్, భాగ్యం," అన్నాడు ఇరుసప్పన్ పళ్ళు కొట్టుకుంటూ. "ఇంకోసారి కాళ్ళు పట్టుకుంటే ఏడాది రాస్తాడు."

ముద్ర పడింది. ఈ మంట నెల్లాళ్ళుంటే మనిషి మిగలడు. వరండాలోకి రాగానే భాగ్యం రంగనాథన్ చెయ్యి పట్టుకుంది.

"దీన్ని కొట్టేసే దారే లేదా అన్నా?"

"గడువుకు ముందే కొలువుకు పోవాలంటే, ఒళ్ళు బాగుండాదని ఇంకో చీటీ కావాల. దానికి బాగుండే మనిషిని చూపించాల."

"యాడ నుంచి తెచ్చేది?"

రంగనాథన్ లోపలికి తొంగిచూశాడు. "సంతకాల కాగితాల్లో ఒకటి కలిపేస్తా. చదవడులే. మంచోడు కదా."

మధ్యాహ్నానికి రంగనాథన్ చేతిలో చీటీ ఇంటికి వచ్చింది. దాని వెనకే ఇరుసప్పన్ లేచి కూర్చుని గంజి అడిగాడు. భాగ్యం చీటీని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఎన్ని రోజులకన్నా?"

"బాగుండేదానికి గడువు రాసే చోటు ఈ కాగితంలో లేదమ్మా," అన్నాడు రంగనాథన్.

ఆ తర్వాత ఇరుసప్పన్ తుమ్మింది లేదు. ఊరంతా విషజ్వరాలతో మూలిగిన ఏడు కూడా కాపలాకు పోయాడు. జుట్టు నెరిసింది, ఒళ్ళు నెరవలేదు. భాగ్యం అతని నుదురు తాకడం మానేసింది.

ఒక ముసురులో భాగ్యం పడకేసింది. ఆమెకు కొలువు లేదు కాబట్టి చీటీ లేదు. ఆ జబ్బు ఎప్పుడు పోతుందో, అసలు పోతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. సెలవు ఎవరి జబ్బుకు వాళ్ళకే ఇస్తారు, పెళ్ళాం జబ్బుకు ఇవ్వరు. ఇరుసప్పన్ వానలో తడిసి వచ్చి, తుడుచుకోకుండా ఆమె పక్కన కూర్చున్నాడు.

"జొరమేమన్నా వచ్చిందా మామా?"

అతను తల వంచాడు. ఆమె చెయ్యెత్తి నుదురు తాకింది. చల్లగా ఉంది.

"పో మామా. కొలువుకు పొద్దుపోతా వుండాది."

అతను తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. వీధి మలుపు దాకా అతను దగ్గడానికి ప్రయత్నించడం ఆమెకు వినబడుతూనే ఉంది.