వాలంటీరు ఒకటి

తప్పులక్క వాళ్ళ పెద్దమ్మ ఒకడితో లేచిపోలేదు, ఏకంగా పదకొండు మందితో లేచిపోయింది. ఆ ఇంట్లో డెబ్భై రెండేళ్ళుగా చలామణీ అవుతున్న చరిత్ర ఇది. చరిత్ర అన్నాక సాక్ష్యం ఉండాలి కదా, అదీ ఉంది: నర్సులు ఛాతీ మీద పిన్నుతో తగిలించుకునే చిన్న గడియారం. దాని వెనక ఎవరో మేకుతో గీకినట్టు చెక్కారు: "మా రాక్షసికి. ఇట్లు, నీ పదకొండు మంది."

యుద్ధం రోజుల్లో పెద్దమ్మ వంద మైళ్ళ అవతల ఉన్న సైనిక ఆసుపత్రికి వాలంటీరు నర్సుగా వెళ్ళింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఎనిమిది నెలలకు ఉత్తరాలు ఆగిపోయాయి. తాతయ్య స్వయంగా వెళ్ళొచ్చి, ఆ గడియారాన్ని బల్ల మీద పడేసి, "అది అక్కడ లేదు. ఇంక దాని పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు" అన్నాడు. మిగతా కథంతా గడియారం వెనక చదివి బంధువులే అల్లుకున్నారు. ఆ పని మన వాళ్ళకు ఒకరు నేర్పాలా! తాతయ్య అవుననలేదు, కాదనలేదు.

తప్పులక్క తల్లి ఆ పెద్దమ్మకు చెల్లెలు. అప్పుడు ఆరేళ్ళ పిల్ల. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు, గుండెకు రెండుసార్లు మరమ్మతు జరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున కూతురి చెయ్యి పట్టుకుని, "నేను పోయేలోగా ఒక్కటి కనుక్కోవే. తిరిగొస్తానని నాకు మాటిచ్చి వెళ్ళింది. నన్నెందుకు వదిలేసిందో కనుక్కో" అంది.

తప్పులక్క అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరు. హోటల్లో మెనూ ఇచ్చినా పెన్ను తీసి దిద్దుతుంది, అందుకే ఆ పేరు. సెలవు పెట్టి బయలుదేరుతుంటే మావయ్య అడ్డం పడ్డాడు. తల్లికి తమ్ముడాయన, తాతయ్య పరువుకు ఏకైక కాపలాదారు. ఆయన హాల్లో ఆసుపత్రి వారు తాతయ్యకు రాసిన ఉత్తరం అద్దం కట్టి ఉంటుంది, "మీ ఉదారమైన విరాళానికి కృతజ్ఞతలు" అని. వచ్చిన ప్రతివాడూ అది చదివి తీరాలి, అప్పుడే కాఫీ.

"మానిన పుండు గెలకడం ఎందుకమ్మా? నాన్నగారు దేవుడు. ఆయన పేరు బజారుకెక్కించకు" అన్నాడు.

"మానిందో లేదో అమ్మనడుగు మావయ్యా" అని తప్పులక్క బస్సెక్కింది.

ఆసుపత్రి పాత కాగితాలన్నీ నేలమాళిగలో ఉన్నాయి. వాటి మీద అధికారం చలాయించే రికార్డు గుమాస్తాకు కుర్చీలోంచి లేవడమంటే ప్రాణం మీదికొచ్చినట్టు. మూడు రోజులు తప్పులక్కే సిబ్బంది రిజిస్టర్లన్నీ తిరగేసింది. వంటవాళ్ళున్నారు, చాకలివాళ్ళున్నారు, గుర్రాలవాడు కూడా ఉన్నాడు. పెద్దమ్మ మాత్రం లేదు.

"వాలంటీరంటే స్టాఫ్ కాదు కదమ్మా. అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేకుండా మనిషి కింద రాయరు" అన్నాడు గుమాస్తా ఆవలిస్తూ.

"మరి దేని కింద రాస్తారండీ?"

"అది నన్నడిగితే నేనేం చెప్తాను?"

తప్పులక్కకు ఒళ్ళు మండింది. మండిన ఒంట్లోనే ఒక ఆలోచన కూడా వెలిగింది. మావయ్య హాల్లో ఉన్న ఉత్తరం మీది తేదీ, పెద్దమ్మ ఇల్లు వదిలిన వారమే కదూ! "విరాళాల రిజిస్టరు ఉందా?" అని అడిగింది. ఉంది. స్టోర్ కీపరు రాసినది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. వెతికినా తప్పు దొరకని పుస్తకాన్ని ఆవిడ జీవితంలో మొదటిసారి చూసింది.

దాత గడిలో తాతయ్య పేరు. ఆ కింద వరసగా ఇలా ఉంది: దుప్పట్లు పన్నెండు. బెడ్‌పాన్లు ఆరు. వాలంటీరు ఒకటి. పక్కన చిన్న అక్షరాల్లో పెద్దమ్మ పేరు. స్థితి అనే గడిలో "మంచిది" అని రాసి ఉంది. ఆహా, ఎంత నికార్సయిన మనిషి! బెడ్‌పాన్లకూ అదే మాట, పెద్దమ్మకూ అదే మాట, ఎక్కడా పక్షపాతం లేదు.

ఎనిమిది నెలల తర్వాతి తేదీతో అదే వరసలో ఎర్ర సిరా: "అంటుజ్వరాల వార్డులో వాడకం వల్ల చెల్లిపోయినది. ఖననం అయినది. బదులు పంపవలసిందిగా దాతకు వ్రాయడమైనది."

బదులట! ఇంట్లో మిగిలిన ఆడపిల్ల వయసు ఆరేళ్ళు. బహుశా ఆ సైజు స్టోర్లో పనికిరాకపోయి ఉంటుంది.

ఆ కింద ఇంకో వరస. "గడియారం ఒకటి. అదే వార్డు రోగులు పదకొండు మంది నర్సుకు ఇచ్చుకున్నది. మరణవార్త తెలిపి, దాతకు స్వయంగా అప్పగించడమైనది." పక్కన తాతయ్య సంతకం. వంకర లేని, వణుకు లేని, నిండైన సంతకం. తప్పులక్క దాన్ని మూడుసార్లు చదివింది, అలవాటు కొద్దీ. తర్వాత ఆ పుస్తకం మీద తలపెట్టి ఏడ్చింది. గుమాస్తా మొదటిసారి కుర్చీలోంచి లేచాడు, మంచినీళ్ళు తేవడానికి.

మర్నాడు తల్లి మంచం దగ్గర కూర్చుని ఫోన్లో తీసుకున్న ఫొటోలు చూపిస్తూ ఒక్కో మాటా చదివి వినిపించింది. మావయ్యను కూడా కూర్చోబెట్టింది. దేవుడి గురించి కాబట్టి ఆయన వినాలి.

ముందుగా గడియారం తిప్పి, అది వార్డులో రోగులు ఇచ్చుకున్నదని చెప్పి, వెనక రాత మళ్ళీ చదివింది. "రాక్షసి" అన్నచోట తల్లి నవ్వింది. "నా ముక్కు మూసి మందు పోసేసేది. నేనూ అట్లాగే తిట్టేదాన్ని."

మరణవార్త దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. సంతకం దగ్గరికి వచ్చేసరికి మావయ్య లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

"నాన్నగారు... ఆయనే పంపించారు కదా. తట్టుకోలేకపోయారేమో అక్కయ్యా" అన్నాడు అటు తిరిగే.

"తట్టుకోలేక దాని మీద నింద వేశాడా?"

"వెయ్యలేదు. జనం అనుకున్నారు."

"అనుకోనిచ్చాడు" అంది తల్లి. "చచ్చిపోయిందని చెప్పుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని కదరా. డెబ్భై రెండేళ్ళు తిట్టాను దాన్ని. నా పెళ్ళిలో తిట్టాను. ఇదిగో, ఇది పుట్టినప్పుడు, నాకు పురుడు పొయ్యడానికి అక్క కూడా లేకుండా చేసిందని తిట్టాను. సుఖంగా ఉండి కూడా రాలేదనుకున్నాను."

తప్పులక్క ఆవిడ వీపు నిమిరింది. "నిన్ను వదిలెయ్యలేదమ్మా. నువ్వడిగింది అదేగా."

తల్లి ఫోను అందుకుని ఆ ఎర్ర అక్షరాలను తనే ఒకసారి చదువుకుంది. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, ఆ పదకొండు మందిలో ఒక్కడితోనైనా లేచిపోయి ఉండకూడదట్రా అది!"