ఎల్లమ్మ రక్తం చెప్పిన కబురు

కోకాపేటలో ఒక పెద్ద అపార్టుమెంటు గేటు దగ్గర కిష్టయ్య సెక్యూరిటీ గార్డు. అతని భార్య ఎల్లమ్మ అక్కడే హౌస్‌కీపింగ్ పని చేసేది. వానలు మొదలైనప్పుడు పట్టుకున్న దగ్గును ఆమె లెక్కచేయలేదు. మిరియాల పాలు తాగి పనిలోకి వెళ్లేది. ఒకరోజు మెట్లు తుడుస్తూ తుడుస్తూ ఊపిరందక అక్కడే కూలబడింది. కబురు తెలిసి కిష్టయ్య గేటు వదిలేసి పరుగెత్తాడు. ఆటోలో ఆమెను గచ్చిబౌలి వైపు ఒక దవాఖానకు తీసుకుపోయాడు.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. రక్తం తీసుకుని, సెలైన్‌లో మందు ఎక్కించారు. సాయంత్రానికల్లా ఎల్లమ్మ లేచి కూర్చుని పక్క మంచం ఆవిడతో ముచ్చట్లలో పడింది. కిష్టయ్యకు ప్రాణం కుదుటపడింది. రేపో మాపో ఇంటికి పంపుతారనుకున్నాడు.

ఇంతలో డాక్టర్ సంయుక్త వచ్చింది. కాకినాడ వైపు అమ్మాయి, నెమ్మదిగా మాట్లాడుతుంది.

“ఈవిడను పై వార్డుకు మారుద్దామండి. ఐసీయూ పక్కనే ఉంటుంది.”

“ఎందుకు మేడం? మంచిగనే మాట్లాడుతున్నది గద.”

“మాట బాగానే ఉందండి. కానీ రక్తంలో సీఆర్పీ అని ఒకటి చూస్తాం. ఒంట్లో జబ్బు ఎంత ఉధృతంగా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఈవిడకు అది బాగా పెరిగిపోయింది. ఇలా ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత ఆయాసం ముదురుతుంది.”

“అంటే, గట్లనే అయితదా?”

“అవ్వాలని లేదండి. అంచనా మాత్రమే. ఒకవేళ అయితే మేం దగ్గర ఉండాలి కదా.”

ముచ్చట మధ్యలో లేపి తీసుకుపోతున్నారని ఎల్లమ్మ గొణిగింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ అన్నట్టే అయింది. ఎల్లమ్మ ఛాతీ ఎగసిపడసాగింది, మాట మధ్యలోనే తెగిపోతోంది. నర్సు పక్కనే ఉండటంతో క్షణాల్లో మాస్కు తగిలించి ఆక్సిజన్ పెంచింది. కిష్టయ్య అదంతా తలుపు అద్దంలోంచి చూశాడు. కింది వార్డులోనే ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన అతన్ని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత జ్వరం ఎంతకీ దిగలేదు. రోజూ పొద్దున్నే సూదితో వచ్చే మనిషిని చూస్తే ఎల్లమ్మ మొహం తిప్పుకునేది. “ఉన్న రక్తమంత వీళ్లే గుంజుకపోతున్నరు,” అనేది. ఒక మధ్యాహ్నం మాస్కు జరిపి భర్తను దగ్గరకు పిలిచింది.

“బియ్యం డబ్బా మూత గట్టిగ పెట్టు, పురుగు పడతది. బిడ్డతోని కొట్లాడకు.”

కిష్టయ్య తలూపి, వరండాలోకి వచ్చి కళ్లు తుడుచుకున్నాడు. సంయుక్త అతన్ని వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది.

“సీఆర్పీ సగానికి పైగా దిగిందండి. మందు పనిచేస్తోంది. గండం దాటినట్టే అనుకుంటున్నాను.”

“జ్వరం గట్లనే ఉన్నది గద మేడం?”

“అది కాస్త వెనకగా తగ్గుతుందండి.”

ఎల్లమ్మ నవ్వుతూ ఉన్నప్పుడే రక్తం కీడు చెప్పింది, అది నిజమైంది. ఇప్పుడు మేలు చెబుతుంటే ఎందుకు నమ్మకూడదు? కిష్టయ్య క్యాంటీన్‌కు దిగి కడుపు నిండా ఇడ్లీలు తిన్నాడు. ఇన్నాళ్లకు తిండి రుచి తెలిసింది. పైకి వచ్చి భార్యకు సంగతి చెప్పాడు.

“నాకు తెల్వంది నా రక్తానికెట్ల తెలుస్తదయ్యా?”

“ఏమో. నాకైతే నీకంటె దాని మీదనే నమ్మకమున్నది. నువ్వేం ఫికర్ చెయ్యకు.”

తిట్టే ఓపిక లేక ఆమె కళ్లు మూసుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. ఇంకో రెండు రోజులకు మాస్కు తీసేశారు. దవాఖాన వాళ్లు పెట్టిన కిచిడీని ఒక్క ముద్ద తిని ఎల్లమ్మ గిన్నె పక్కకు నెట్టింది.

“గిదేం తిండి? రేణుకను పచ్చిపులుసు తెమ్మను.”

ఖాజాగూడలో ఉండే కూతురు రేణుకకు కిష్టయ్య అప్పటికప్పుడు ఫోన్ కలిపాడు. అతను సగం చెప్పకముందే మంచం మీంచి ఎల్లమ్మ అందుకుంది.

“ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్యమను.”